కదలని ముల్లు

గేటు పక్క మీటరు నుంచి
వెనక పెరట్లో ఈతకొలను దాకా
అరవై రెండు అడుగులు.
టేపు పట్టింది మా ఇర్మియా,
అంకె పలికింది నేను.

ఊరు గుంటూరు.
ఎండాకాలం కుళాయి తిప్పితే
టీ పొడి వేసుకోవచ్చు.
ఇక్కడ నీళ్ళకు మంటేంటి సార్ అని అడగబోయి
ఊరుకున్నాను.
మార్గశిరం తెల్లవారుజామున ఆయనే చెప్పారు,
గట్టు మీద కూర్చుని మోకాళ్ళు నిమురుకుంటూ:
"ముప్పై ఏళ్ళు కోల్డ్ స్టోరేజీలో తిరిగానయ్యా
టిక్కీలు లెక్కపెడుతూ.
కాయ రంగు పోకుండా పెట్టిన చలి
ఇదిగో, ఎముకల్లో నిలవుంది.
అద్దె కూడా కట్టదు."

నల్లరేగడి. గడ్డపార దిగితే పైకి రానంటుంది.
వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలిచ్చి
ఏడాదికి రెండుసార్లు ఒత్తిగిలే నేల.
దాని పక్కలో పైపుని పడుకోబెట్టాలంటే
ముందు ఇసక పరుపు వెయ్యాలి.
రెండున్నర అడుగుల లోతు.
బోరు వైరు అడ్డమొచ్చిన చోట
గడ్డపార పక్కన పెట్టి చేత్తో తవ్వాం,
పసిబిడ్డ కింద తడిగుడ్డ లాగినట్టు.

పసుపు పైపు చుట్ట విప్పితే
మళ్ళీ చుట్టుకోవాలనే చూస్తుంది.
పైగా దానికి ఎండ పడదు.
గుంటూరొచ్చి ఎండ పడదంటే ఎట్లా అని
ఇర్మియా దాని మీద ఒక దెబ్బేశాడు.
నేల మీదికి తలెత్తే చోట మాత్రం
ఇనుప పైపు తొడిగాం.

సాయంత్రం గాలి నింపి గేజి బిగించాను.
ముల్లు నిలబడింది.
రాత్రి తొమ్మిదింటికి
వెంట్రుక మందం వాలింది.
వెంట్రుకే కదా అని ఇంటికి పోతే
రేపెవరో అగ్గిపుల్ల గీస్తారు.

మగ్గులో సర్ఫు నురగ, పాత పెయింటు బ్రష్షు,
పళ్ళ మధ్య టార్చి.
ఒక్కో జాయింటుకీ నురగ పూస్తూ పోయాను
గడ్డం గీసే మంగలిలా.
చివరి ఎల్బో దగ్గర
ఒక బుడగ.
ఆవగింజంత, తర్వాత శనగగింజంత,
వీధి దీపాన్ని తలకిందులుగా మోస్తూ.
ఎంత ముద్దొచ్చిందో!
దొరికిన దొంగ ముద్దొస్తాడు.

"వాసన చూస్తే తెలీదా?"
వెనక శాలువాలో ఆయన.
ఇప్పుడున్నది ఉత్త గాలి సార్, వాసనుండదు.
ఉన్నా నాకు తెలీదు.
ఎనిమిదేళ్ళు మిర్చియార్డులో బస్తాలు మోశాను.
తుమ్మి తుమ్మి, ఒక రోజు తుమ్ములాగిపోయాయి.
వాటితో పాటే మల్లెలూ, మా ఆవిడ పోపూ.
అందుకే ముక్కుని నమ్మను,
ముల్లుని నమ్ముతా.

చాలాసేపు మాట్లాడలేదాయన.
"నాకూ రాదు మస్తానూ" అన్నారు.
"ఇంట్లో ఎవరికీ చెప్పలేదు."

ఒకే యార్డు.
ఆయనకి ఇల్లూ కొలనూ ఇచ్చింది,
నాకు వీపు మీద కాయ.
ముక్కు దగ్గర మాత్రం
ఇద్దరికీ ఒకే రేటు కట్టింది.

ఎల్బో విప్పి, మరలు తుడిచి, మళ్ళీ బిగించి
తెల్లారేదాకా ముల్లు ముందు కూర్చున్నాం,
ముళ్ళ మీద కూర్చున్నట్టే.
కదల్లేదు.
నా పనితనమంతా ఆ కదలకపోవడమే.
బాగా చేస్తే చూడ్డానికేమీ ఉండదు.

మట్టి సగం పూడ్చి, పైన పసుపు రిబ్బను పరిచాం
కింద గ్యాసు ఉందని.
ఎప్పుడో ఇక్కడ జామమొక్క నాటబోయే
ఎవడికో మేం రాసిన ఉత్తరం.

గ్యాసు వదిలిన పూట
వంటింట్లోంచి దీనమ్మని పిలిచారు.
కొంగుతో చేతులు తుడుచుకుని
మీటరు నుంచి హీటరు దాకా
వంగి వంగి పీలుస్తూ వచ్చింది, ముగ్గేస్తున్నట్టు.
మేమిద్దరం ఆమె ముఖమే చూస్తూ నిలబడ్డాం
పరీక్ష రాసిన పిల్లల్లా.
"గ్యాసు లేదయ్యా" అంది.
"మిరపకాయ ఘాటుంది.
మీ ఇద్దరి దగ్గర్నుంచీ."

హీటరు లోపల నీలం మంట
ఒక్కసారి దగ్గి అంటుకుంది.
ఆయన ఒక కాలు నీళ్ళలో పెట్టి
ఇంకా చల్లగానే ఉందన్నారు.
ఓపిక పట్టండి సార్, అన్నాను,
ముప్పై ఏళ్ళ చలి.

నాలుగింటికి బ్రాడీపేటలో ఇంకో మీటరు.
సర్ఫు మగ్గు అక్కడే మర్చిపోయొచ్చాను.