ఏడో గీత

పలకల మిల్లులో ఒక్కపొద్దు ఉంటే
రోజంతా రాతిపొడి మింగుతానే ఉంటాం.
దాంతో ఒక్కపొద్దు చెడదంటది జేజి.
గాలికి లోపలికి పోయింది లెక్కలోకి రాదంట,
మనం కావాలని తెరిచిన నోరే లెక్క.

ఈ ఏడు మార్కాపురంలో చానా నోళ్ళు తెరుచుకున్నాయి.
నెల కిందట బజార్లో ఊరేగింపు మీదికి
ఒక రాయి లేచింది.
ఎవరి చేతిదో ఇంకా తేలలా.
ఈ ఊళ్ళో అందరం తినేది రాతి మీది కూడే,
ఏ రాయి ఎవరిదని చెప్పేది?
మూడు రోజులు షట్టర్లు లేవలా.
నాలుగో రోజు మిల్లులో
పదేళ్ళుగా నా పక్కన చట్రాలు బిగించే ఈశ్వరమ్మ
క్యారేజీ ఎత్తుకుని కిటికీ కాడికి పోయింది.
"ఇక్కడ ఎండగా ఉందిలే" అంది.
ఎండ పడేది కిటికీ కాడే.

మా చెల్లెలు మౌలాబీ కువైట్లో
ఓ ఇంట్లో వంట చేస్తది.
అక్కడ రాత్రిళ్ళు ఆకాశం మోగుతోందంట.
సైరన్ వినపడంగానే
అందరూ మెట్ల కింద గదిలో దూరతారు.
ఆ ఇంటి చిన్నపిల్ల
దీని చిటికెనవేలు పట్టుకుని
తెల్లారినా వదలదంట.
మొన్న ఫోన్లో వెనకనుంచి ఆ పిల్ల ఏందో అంటోంది.
ఏందే అని అడిగేలోపు లైను పోయింది.
అప్పటినుంచీ పంపిన మెసేజీలకి
రెండో టిక్కు పడలా.

పండగ రేపో ఎల్లుండో తేలక
మిద్దెల మీద మగోళ్ళు మబ్బుని తిడుతుంటే
జేజి మూల విరిగిన పలక ఒళ్ళో పెట్టుకుని
ఫిత్రా లెక్కకి కూచుంది.
తలకి రెండున్నర కిలోల గోధుమలు,
లేదా ఆ డబ్బులు,
నమాజుకి ముందే ఇయ్యాలి.
తెల్లారేలోపు పుట్టిన బిడ్డకైనా ఇయ్యాలి.
చదువు రాదు దానికి, గీతలే.
తనకొకటి, నాకొకటి, మా ఆయన సిలారుకొకటి,
పిల్లలకి రెండు.
ఆరోది గీసి బలపం ఎత్తకుండా
దాని మీదే ఉంచింది కాసేపు.
మౌలాబీ.
"అది అక్కడే ఇచ్చుకుంటది కదే."
"బయటికే పోనీడం లేదంటివి. యాడ ఇస్తది?"

ఇంకోటి గీసింది.

"ఇదెవరికి?"
"ఆ యేలు పట్టుకున్నదానికి."
"వాళ్ళు షావుకార్లు జేజీ. మన కొంపంత కారుంటది వాళ్ళకి."
"కారుంటే? తల లేదా?"
"హజరత్ ఒప్పుకోడు."
"ఎక్కువైతే అల్లా తిప్పి పంపడులే."

పడుకున్నాక నా చేతులు చూసుకున్నా.
వీటి మీదుగా పోయిన పలకలు లక్ష ఉంటాయేమో.
ఏ దేశం పోయాయో, ఏ పిల్ల ఏం దిద్దిందో
ఎవరూ చెప్పలా, నేనూ అడగలా.
వేళ్ళు గీసుకోకుండా
అంచులు నున్నగా రుద్ది పంపానంతే.

పొద్దున్నే చెంబుతో ఈశ్వరమ్మ!
రాదనుకుని ప్యాకెట్లు తెచ్చి పెట్టుకున్నా నేను.
ఏటా పండగనాడు దాని గేదెపాలే మా సేమ్యాలకి,
ఆ రోజు డబ్బులు ముట్టదు.
ఈసారి నిలబడింది.
నూరు నోటు ఇచ్చా.
కొంగుముడి విప్పి
పదులూ ఇరవైలూ లెక్కబెట్టి చిల్లర ఇచ్చింది.
గడప దిగి, ఇటు తిరక్కుండానే
"మీ చెల్లి చేసిందా?"
"లేదు."
"చేస్తదిలే."
పాలు వెచ్చగా ఉన్నాయి ఇంకా.

మసీదు గేటు ముందు పోలీసు వ్యాను,
నిద్రలేని కానిస్టేబులు.
లోపల బుడేసాయబు రసీదు పుస్తకం తిప్పుతున్నాడు.
మా ఇల్లు పుట్టినకాడ్నించీ ఎరుగు.
"ఎంతమందమ్మా?"
"ఏడుగురం."
పెన్ను ఆపి, కళ్ళద్దాల మీదుగా చూశాడు.
"ఏడుగురం" అన్నా మళ్ళీ.