అరలో పరిచిన కాగితం

బోరబండలో, రేషన్ షాపు మీది గది.
మూడు బీరువాలు, ఒక చాప,
రైలు పోయినప్పుడల్లా వణికే కిటికీ.
దాన్నే మేము లైబ్రరీ అంటాం.

రిజిస్టర్‌లో నాలుగు గళ్లు:
పేరు, పుస్తకం, తీసుకున్న తేదీ, ఇచ్చిన తేదీ.
పై ఆఫీసు నుంచి వచ్చినాయన అయిదోది గీయించాడు, స్థాయి అని.
ఎరుపు, పసుపు, ఆకుపచ్చ బిళ్లలు ఒక కవరులో పెట్టిచ్చి
"అంటించండి మేడం, సింపుల్" అన్నాడు.

భూమేష్‌కి ఎరుపు పడింది.
మోటార్ వైండింగ్ దుకాణం ఎల్లయ్య కొడుకు, అయిదో తరగతి,
వేళ్లకెప్పుడూ వార్నిష్ వాసన.
రాజుగారి కథ ఇచ్చాను. తెల్లారే తెచ్చాడు.
నక్క కథ ఇచ్చాను. తెల్లారే తెచ్చాడు.
అంతరిక్షం ఇచ్చాను, బొమ్మలున్నది;
నేను పెట్టిన గుర్తు దారం పెట్టినచోటే ఉంది.
"ఎట్లుంది?" అంటే "మంచిగుంది మేడం."
పిల్లలు మర్యాదగా చెప్పే అబద్ధాల్లో
అన్నిటికన్నా పాతది అది.
నేనూ చెప్పాను, నా కాలంలో, చాలామంది సార్లకు.

నుజ్హత్ వేరు. చివరి పేజీ ముందు చదివి
ఎవరూ చావట్లేదని తేలాకే మొదటికి వస్తుంది.
దాని తమ్ముడు ఒకే పుస్తకాన్ని పదకొండుసార్లు రాయించుకున్నాడు.
అందులో ఒక మేక ఉంది, అంతే కారణం.
వీళ్లకు అంటించాల్సిన రంగు
ఆ కవరులో లేదు.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం, వాన.
కారే చోట పెట్టడానికి బకెట్ కోసం కిందికి పోయి వచ్చేసరికి
భూమేష్ రెండో బీరువా అడుగు అర మొత్తం ఖాళీ చేసి
పుస్తకాలు చాప మీద కుప్పపోసి
తల లోపలికి దూర్చి బోర్లా పడుకుని ఉన్నాడు.
అరవబోయాను.
పెదాలు కదులుతున్నాయి.

అరలో పరిచిన పాత పేపరు.
ఏ యేటిదో, చెదలు సగం తిన్నది.
తప్పిపోయినాడు. వయసు తొమ్మిది. నీలం చొక్కా.
ఎడమ చెవి కింద పుట్టుమచ్చ. సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర
ఆ తర్వాత చెదలు.

తల బయటికి తీసి, జుట్టు నిండా దుమ్ముతో,
"దొరికిండా మేడం?" అన్నాడు.

నాకు చప్పున మా చిలకలగూడ గుర్తొచ్చింది.
మిర్చిబజ్జీల పొట్లం విప్పి,
నూనెకి అవతలి అక్షరాలు ఇవతలికి తేలి
రెండు వార్తలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతే
ఎండకు పట్టుకుని విడదీసుకుంటూ చదివే పిల్ల.
"తినేటప్పుడు తిను, చదివేటప్పుడు చదువు" అని
మా నాయన వీపు మీద ఒకటిచ్చేవాడు.
అదీ చదువేనని ఎవరూ చెప్పలేదు.
నేనూ అనుకోలేదు, నలభై మూడేళ్లు.

మర్నాడు పాత పేపర్ల బండాయన దగ్గర
అయిదు కిలోలు కొన్నాను.
"అమ్మేటోళ్లే గని కొనేటోళ్లు రారమ్మా" అని నవ్వుతూ తూచాడు.
అన్ని అరల్లోనూ పరిచాను.
భూమేష్‌తో ఏమీ అనలేదు.
మెచ్చుకుంటే ఎగిరిపోతారు కొందరు, పిచ్చుకల్లాగా.

మూడు వారాలు అరలు ఖాళీ చేస్తూ, సర్దుతూ చదివాడు.
సర్దుతుంటే ఒక పుస్తకం చేతిలో ఉండిపోయింది.
అట్ట లేదు. కనబడకుండా పోయిన అన్నను
చెల్లెలు వెతికే కథ.
ఇంటికి తీసుకుపోయాడు. తెల్లారి తేలేదు.
ఆ మర్నాడూ లేదు.
గడువు దాటిన నాలుగోరోజు వచ్చి, జేబులోంచి రూపాయి తీసి
బల్ల మీద టక్కుమని పెట్టాడు, ఆలస్య రుసుము.
దాన్ని డబ్బాలో వేయబుద్ధి కాలేదు.

"మేడం, ఆఖరి పేజీలు లెవ్వు."
"తెలుసు."
"మరి దొరికిండా?"
"నాకూ తెల్వదురా."

నా మొహంలోకి చూశాడు, అబద్ధమేమోనని.
కిటికీ వణికింది. లింగంపల్లి రైలు.
చివరి డబ్బా దాటేదాకా ఇద్దరం చూశాం.
"ఆమె స్టేషన్‌ల అడగనే లేదు మేడం" అన్నాడు,
"నేనైతే ముందుగాల స్టేషన్‌లనే అడుగుతుంటి."

వాడు పోయాక, అయిదో గడిలోని ఎరుపు బిళ్లను గోటితో గీకాను.
సగమే ఊడింది.