ఆదివారం, రెండు నుంచి నాలుగు

విక్టోరియా గోధుమ చేల మధ్య
కారు ఫ్యాన్ బెల్టు తెగింది.
బెరింగా మెకానిక్కు సెలవు రోజైనా షెడ్డు తీశాడు.
గంటన్నర పడుతుందట.
అందాకా చూడ్డానికేముంది ఈ ఊళ్లో అంటే
జిడ్డు చేత్తో పాత రైల్వే గోదాము చూపించాడు.

డబ్బాలో రెండు డాలర్లు వేశాను.
కుందేళ్ల బోనులు పదకొండు,
కాలితో తొక్కితే తిరిగే పళ్ల డాక్టరు బర్మా,
నడుము దగ్గర చిమ్మెటలు కొట్టిన పెళ్లి గౌను.
బడి హాజరుపట్టీలో ఒక పేరు ఎదుట
మార్చి నుంచి అన్నీ ఖాళీ గడులే.
ఎందుకో చీటీలో రాయలేదు.

మూలన టెలిఫోన్ ఎక్స్ఛేంజి బల్ల,
దాని ముందు ఉన్ని స్వెట్టర్లో పెద్దావిడ.
బొమ్మనుకున్నాను.
దగ్గింది.

పేరు డల్సీ. ఇరవై రెండేళ్లు
ఈ కుర్చీలోనే కూచుందట.
తీగ లాగి గుచ్చి చూపించింది:
ఇది బేకరీ, ఇది పాస్టరుగారిల్లు,
ఇది...
పద్నాలుగు మీంచి వేలు తీసేసింది.

గోడలకు చెవులుంటాయంటారు మా వైపు.
ఈ ఊరి గోడలకు ఆ అవసరం రాలేదు.

అన్నీ వినేవారా? అన్నాను.
"వాన గురించే మాట్లాడుకునేవాళ్లు" అంది,
మూడేళ్లుగా చినుకు లేని నేల మీద,
నవ్వకుండా.

నాలుగైంది. దీపాలార్పి, తాళం వేసి,
చెవి జేబులో వేసుకుంది.

గ్యారేజీ బిల్లు మీద ఫోన్ నంబరు,
చివర పద్నాలుగు.
గట్టి బెల్టే వేశానండీ, అన్నాడతను.
చిల్లర లెక్కపెట్టకుండా
కారెక్కాను.