బోర్డు మీద ఏం రాయాలె

దీపావళి పటాకుల కాగితాలు ఊడ్వకముందే
కాలేజీ గోడ పొంటి బొంగులు నాటుతరు.
నీలం తాడిపత్రి, మడత మంచాలు,
లూధియానా మూటలు.
నల్లగొండకు చలి ఇంక రానే రాదు,
వాళ్లొస్తరు.

మొదటేడు నన్ను పిలిపిచ్చింది యాంగ్‌జోమ్.
మా నోట్ల అది యాంగమ్మ అయింది.
ముండగోడు క్యాంపుల పుట్టిందట,
తెలుగుల కన్నడం కలిపి మాట్లాడుతది.
ఏం రాయాలె అన్న.
నేపాలీ స్వెటర్లు అంటే గిరాకుంటది,
ఊరంత గట్లనే అంటదని
సలహా గూడ నేనే ఇచ్చిన.
మూట విప్పేది ఆపింది.
"నేపాలోళ్లకు నేపాల్ ఉంది గద అన్నా.
టిబెట్ అని రాయి.
పెద్దగ రాయి."

మూడక్షరాలు.
టకు గుడి, బకు ఎత్వం,
ఆఖర్న పొల్లు.
పొల్లంటే అచ్చు పోయిన హల్లు,
ఊపిరి తీసినంక మిగిలిన చప్పుడు.

బోర్డులు రాసేటోణ్ణి, నాకెరుకే
పేర్లెట్ల మారుతయో.
జూన్ రెండుకు ముందటి రాత్రి
ఎమ్మార్వో ఆఫీసు మీద పాత రాష్ట్రాన్ని
తెల్లరంగుతోని మింగిచ్చి
తెలంగాణ అని రాసిన. సంబురానికి చెయ్యి వణికి
ణ వంకర పోయింది, ఇప్పటికీ అట్లనే ఉంది.
రెండేండ్లకు దసరాకు సూర్యాపేట వేరువడ్డది.
బండ్ల మీద ఏపీ చెరిపి టీఎస్, టీఎస్ చెరిపి టీజీ.
ఓసారి బడి గోడ గీకుతుంటె
అడుగున ఉర్దూ తేలింది, సర్కారె ఆలీ అని.
దాన్ని గూడ ఎవడో నాలెక్కటోడే రాసుంటడు,
ఇదే ఆఖరి పొర అనుకుంట.

ఇదంత చెప్తె యాంగమ్మ అడిగింది:
"మీ పేరు కోసం మనుషులు సచ్చిన్రా?"
సచ్చిన్రు అన్న.
ఆమె స్వెటర్ల చేతులు మడుస్తనే ఉన్నది.

వాళ్ల తాత లాసాల కాగితాలు రాసే గుమస్తా.
పదిహేడు షరతుల ఒప్పందం మీద గుద్దిన ముద్ర
తమ ఊరిదా, బీజింగుల కొత్తగ చెక్కిందా,
సచ్చేదాంక ఆయనకదే ముచ్చటట.
"వాళ్లు ఇడిపించినం అంటరు,
మేం గుంజుకున్నరు అంటం.
కాగితం ఒక్కటే."

మా నాయిన యాదికొచ్చిండు.
నలభై ఎనిమిదిల మిలిట్రీ లారీలొస్తుంటె
ఒక గల్లీ ఎదురువోయిందని,
పక్క గల్లీ గొళ్లాలు పెట్టుకున్నదని చెప్పి
చుట్ట ఆర్పి
ఇంక ముందుకు చెప్పకపోయేటోడు.

ఆమె తల్లి ఏడేండ్ల పిల్ల అప్పుడు.
మంచుల నడిసి నడిసి కుడికాలి బొటనవేలు నల్లబడి రాలింది.
కనుమల ఏదో రాయి కింద పెట్టిన్రట.
"మా ఇంటోళ్లకు ఆ దేశంల
ఇప్పటికీ ఉన్నది గంత జాగ."
నవ్వుకుంటనే చెప్పింది.
నేను బ్రష్షు కడుక్కున్న, ఉత్తగనే, రెండుసార్లు.

ఒకామె వొచ్చి మఫ్లరు గుంజి చూసి
చైనా మాలా అన్నది.
కాదు అన్నది యాంగమ్మ. లూధియానా.
మరి నువ్వో అన్నది ఆమె.

ఈడ పుట్టినవు, ఈ దేశం కాగితం తీసుకోరాదా
అని ఒకపాలి నేనే అడిగిన.
బిడ్డ తీసుకున్నదట, నర్సు నౌకరి కోసం.
"తిట్టలే. స్వీటు గూడ పంచలే.
నేను గూడ తీసుకుంటె
మాది ఏదని అడిగేటోళ్లల్ల ఒకరు తక్కువైతరు."

ఈయేడు నాకు పిలుపు రాలే.
ప్రకాశం బజారు పిల్లగాడు కంప్యూటర్ల
మంచుకొండ ఏసి, గంటలేసి
నేపాల్ స్వెటర్స్ అని ఫ్లెక్సీ కొట్టిచ్చిండు.
నాలుగు వందలు, వాపసు లేదు.
యాంగమ్మ దాని మొఖం గోడకు తిప్పి
వీపు బజారుకు కట్టింది.
తెల్లగ. ఏం లేకుంట.

లూనా ఆపి డబ్బా దించిన.
ఫ్లెక్సీ వీపు మీద ఎనామిల్ నిలవది, నాకెరుకే.
నాలుగు దినాలకు ఎత్వం రాలింది,
ఎనిమిదికి గుడి.
పొల్లు ఇంక పట్టుకోనున్నది.
ఆదివారం ఆదివారం పోయి దిద్దొస్తున్న.
పైసలు నేనడగలే, ఆమె ఇయ్యలే.
ఫ్లాస్కుల కెల్లి ఉప్పు చాయ్ పోస్తది, పైన వెన్న తేలుతుంటది.
నాకస్సలు ఎక్కది.
తాగుత.