మూడంగుళాల ముక్కు

ఆదివారం. వెలుతురింకా పూర్తిగా విప్పుకోలేదు.
కొండపల్లి ఖిల్లా రోడ్డు మొదట్లో, టీ బండి పక్కన
ఏడు బండ్లు బానెట్లు తెరుచుకుని నిలబడ్డాయి
డాక్టరుకి నోరు చూపించే పిల్లల్లా.

మా రూలు ఒక్కటే. కొన్నది చూపించకూడదు.
వరండాలోనో, మేడమెట్ల కిందో
నీ చేత్తో నువ్వు చేసిందే మాట్లాడాలి.
ఆటోనగర్‌లో వేయించిన వెల్డింగు చుక్క వరకూ మాఫీ.

పున్నారావు మొదలుపెట్టాడు, ఎప్పుడూ అతనే.
మూతపడ్డ రైసుమిల్లువాళ్ళు తూకానికమ్మిన గొలుసు కప్పీ
ముందు బంపరుకి బిగించాడు.
"ముప్పై ఏళ్ళు బస్తాలు మోసింది,
ఇక నన్ను మోస్తుంది" అన్నాడు.
లాగి చూపించబోతే పళ్ళచక్రం పట్టేసింది.
"ఆముదం పట్టించాలి" అన్నాడు, మేం నవ్వేలోపే.

ఖాసింవలి పందిరి విప్పాడు.
గుంటూరు యార్డులో మిరప టిక్కీల మీద కప్పిన పట్టా,
అంచులకి వాళ్ళావిడ కుట్టిన కాజాలు,
ఊతానికి రెండు దోమతెర కర్రలు.
విప్పాడో లేదో ఏడుగురం తుమ్మాం,
టీ బండతనితో ఎనిమిది.
మూడుసార్లు ఉతికాడట.
"ఘాటు పోతే ఇంక గుంటూరుదేంటి?" అంటాడు.

స్వరూపరాణి టీచరు జిప్సీకి వెనకసీటు లేదు.
ఆ చోట నాలుగు సొరుగులు,
బడిలో వేలం వేసిన బెంచీల చెక్క.
రంపం ఆమెదే, బొటనవేలి మీద గాటూ ఆమెదే.
ఒకదాన్లో పానాలు, ఒకదాన్లో స్టవ్వు, గోధుమరవ్వ.
మూడోది తెరవబోతూ ఆగింది.
సొరుగు మొహాన కాంపస్ ముల్లుతో చెక్కిన అక్షరాలు:
కె. దుర్గ, తొమ్మిది బి.
"అన్నీ గరుకు కాగితంతో గీకేశాను.
దీని మీదికి మాత్రం చెయ్యి పోలేదు.
ఏ దుర్గో గుర్తు రావట్లేదు.
ప్రతి క్లాసులో ముగ్గురుండేవాళ్ళు."

కొత్త కుర్రాడు ప్రణీత్ లైట్ల పట్టీ వెలిగించాడు.
కొండ సగం పట్టపగలైంది, కుక్కలు మొరిగాయి,
మేమెవ్వరం ఏమీ అనలేదు.
ఆర్పేశాడు. కాసేపాగి
సైకిలు ట్యూబు కోసి గేరు పక్కన కట్టుకున్న
గ్లాసు పట్టీ చూపించాడు, సిగ్గుపడుతూ.
అప్పుడు వాడికి టీ చెప్పాడు పున్నారావు.

నా వంతు.
నా పాత జీపుకి కుడివైపున, అద్దం పక్కనుంచి
పైకి లేచిన ముక్కు:
మూడంగుళాల బోరు పైపు, రెండు మోచేతి వంపులు,
అతుకులకి పూసిన సొల్యూషన్, బిగింపుకి ట్రాక్టరు ట్యూబు.
"ఏ వాగు దాటడానికి?" ఖాసిం అడిగాడు.
"మునేరా? కట్టలేరా?"
"సింగ్‌నగర్‌లో మా వీధి" అన్నాను.

బుడమేరు మా గుమ్మం ఎక్కిన రోజు
ఈ జీపు మూడో గుక్కకే నీళ్ళు మింగి ఆగిపోయింది.
వెనక పక్కింటి హైమవతిగారు,
ఒళ్ళో ఇన్సులిన్ డబ్బా, ఒక కుక్కరన్నం.
ఫ్లైఓవరు దాకా తోశాం, నలుగురం, ఛాతీలోతులో.
ఆవిడ దారంతా
"నేను దిగనా నాయనా, బరువు తగ్గుతుంది" అంటూనే ఉంది.

గోడ మీద ఆ నీటి గీత ఇప్పటికీ ఉంది.
రెండుసార్లు రంగేయించినా చెమ్మ పట్టి మళ్ళీ తేలింది.
బండిని ఆ గోడకి ఆనించి
గీతకి జానెడు పైన పైపు కోశాను.
కిటికీలోంచి రత్నకుమారి చూసింది.
"జీపుకి ముక్కు పెట్టావు సరే,
ఫ్రిజ్జుకెప్పుడు పెడతావు?"

"టెస్టు చేశారా అంకుల్?" అన్నాడు ప్రణీత్.
లేదన్నాను.
"ఏదైనా మడుగులో దింపి చూద్దామా?"
పున్నారావు వాడికేసి ఒక చూపు చూశాడు.

టీచరు మునివేళ్ళ మీద లేచి పైపు మూతి చూసింది.
"ఇదేంటండీ, టీ వడపోసే జల్లెడా?"
కందిరీగలు గూడు పెట్టకుండా, అన్నాను.

నాలుగు రోజులుగా మా ఇంట్లో
టీలో పొడి తేలుతోంది.
జల్లెడ ఏమైందో అర్థం కావట్లేదంటుంది రత్నకుమారి.
వింటున్నాను,
ఉఫ్ అని ఊదుకుని తాగుతున్నాను.