వంపు

బల్లార్‌షా రైలు కట్ట దాటాక మూడో సందులో
మొగిలి మామ వైండింగు దుకాణం.
మే నెలలో ఊళ్ళో కూలర్లన్నీ అక్కడికే వస్తాయి
కడుపులు మాడి, నోళ్ళు తెరుచుకుని.
"రాగిది తప్పు కాదు బిడ్డా,
మీద పూత కాలింది" అంటాడు
పంటితో దారం తెంపుతూ.

నేను చంద్రపూర్‌లో చదివేది ఆ పూత గురించే అని
చెప్పడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

మా సీసాలో పసుప్పచ్చ పొడి ఒకటి ఉండేది.
ఐదువందల డిగ్రీల దాకా చలించదు.
చలించదు సరే,
ఏ ద్రావణిలో వేసినా కరగదు,
అలిగిన వియ్యంకుడిలా అడుగున కూర్చుంటుంది.
కరగనిదాన్ని తీగకు ఎలా పూయను?

దేవగడే మేడమ్ బోర్డు మీద గీసింది:
వలయం పక్కన వలయం, తిన్నగా,
గొలుసు మీద గొలుసు,
గోదాములో తునికాకు కట్టలా
ఆకు మీద ఆకు.
చుక్క దూరే సందు లేదు.
"మోకళం కర్" అంది,
కాస్త వదులు చెయ్యమని.

రెండు వలయాల నడుమ ఒక ఆక్సిజన్ పెట్టాను,
మోకాలు లాంటిది.
పక్కన ఒక లావాటి గుంపు తగిలించాను,
జనరల్ బోగీలో మూటతో కూర్చున్న మనిషిలా,
ఎవరూ ఒరిగి ఆనుకోకుండా.

ఆరోసారి వంపు ఎక్కువైంది.
రెండొందలకే జావ.
తొమ్మిదోసారి బిరుసు.
పదకొండోది రాసుకోలేదు, ఆ రోజు కరెంటు పోయింది.

పద్నాలుగోసారి, చల్లటి ద్రావణిలోనే,
పొడి దిగుతూ దిగుతూ
అడుగుకు చేరలేదు.
ఫ్లాస్కు నిండా ఇప్పపూలు నానిన నీళ్ళ రంగు.
కాసేపు మూత పెట్టడం మరిచిపోయాను.

నాగ్‌పూర్ నుంచి కాగితం వచ్చింది:
ముప్పై ఎనిమిది డిగ్రీలు తగ్గింది.
వంగినందుకు కట్టిన సుంకం.
ఏడవలేదు, లెక్క వేశాను.
చంద్రపూర్ ఎండ నలభై ఏడు.
మాడే మోటారు రెండొందలు అనుకో.
ఇంకా బోలెడు మిగులు.

అర లీటరు సీసా సంచిలో పెట్టుకుని
మామ దగ్గరికి పోయాను.
తీగ ముంచాడు, డ్రమ్ముతో చేసుకున్న పొయ్యిలో కాల్చాడు,
గోటితో గీకాడు, మెలి తిప్పాడు,
వాసన చూశాడు.
పూత నిలిచింది.
మెచ్చుకుంటాడని నిలబడ్డాను.

"మళ్ళ తీయాల్నంటే కరుగుతదా?"

తీయడమా?

దుకాణం వెనక్కి తీసుకుపోయాడు.
నడుం లోతు గుంత, గోడలు మసి.
పాత చుట్టలన్నీ అందులో వేసి అంటుపెడతాడు,
పూత కాలితేనే రాగి చేతికొస్తుంది.
ఇరవై ఆరేళ్ళ పొగ.
మాట మధ్యలో దగ్గుకి ఆగి,
"పెట్టుడు ఎవరన్న పెడతరు" అన్నాడు.

కరుగుతుంది మామా.
కానీ ఆ ద్రావణి చేతులకు మంచిది కాదు,
గాలికీ మంచిది కాదు.
ఇంకా మెత్తనిది వెతకాలి.

"వెతుకు మరి" అన్నాడు,
తరువాతి కూలర్ మూత విప్పుతూ.

నోటుబుక్కులో పదిహేనో ప్రయోగం అని రాసి
ఉద్దేశం అన్న చోట
పూయడం కొట్టేశాను.