రెండు తలల మైక్రోస్కోపు

బఫెలోలో ఫిబ్రవరి.
హీటరు మీద నా మేజోళ్ళూ నర్గీజా మేజోళ్ళూ
పక్కపక్కనే ఆరుతున్నాయి.
ఇద్దరం డాక్టర్లమే.
తను బిష్కెక్‌లో పసిపిల్లల వైద్యురాలు,
ఇక్కడ డేకేర్‌లో ముక్కులు తుడుస్తుంది.
నేను ఖార్తూమ్‌లో రెండేళ్ళు సర్జరీ వార్డులో ఉన్నాను,
ఇక్కడ ఆపరేషన్ థియేటర్ నుంచి కింది ల్యాబుకి
బకెట్లు మోస్తాను.

బకెట్లో ఒకరి పిత్తాశయం, ఒకరి రొమ్ము,
ఒకసారి మోకాలి కింద నుంచి మొత్తం కాలు,
తెల్లగుడ్డ చుట్టి, పేరు రాసిన చీటీ అంటించి.
లిఫ్టులో నాతోపాటు ఎక్కినవాళ్ళు
గుడ్ మార్నింగ్ అంటారు.
నేనూ అంటాను.

సెప్టెంబరులో దరఖాస్తు అడిగింది: ఏ విభాగం?
మా కాలేజీ ముద్ర కాలిపోయింది.
ముద్ర వేసే గుమాస్తా పోర్ట్ సూడాన్‌లో ఉన్నాడో లేడో.
విభాగం మాత్రం నేనే తేల్చుకోవాలట.

టొలీడోలో ఉన్న సీనియర్ సామీ ఫోన్లో అన్నాడు:
"సర్జరీ అని పైకి అనకు రిహాబ్,
ఆ తలుపు మనలాంటివాళ్ళకి సన్నం.
ఫ్యామిలీ మెడిసిన్ రాయి. సైకియాట్రీ రాయి.
ఎక్కడ కుర్చీ ఖాళీగా ఉంటే
అదే నీ చిన్ననాటి కల."

రాశాను. ఒకటి కాదు, మూడు ఉత్తరాలు.
మూడూ చిన్నప్పటి నుంచే మొదలయ్యాయి.
మూడింట్లోనూ మా అమ్మమ్మ చచ్చిపోయింది,
ఒకదాంట్లో షుగరుతో,
ఒకదాంట్లో దిగులుతో,
ఒకదాంట్లో ఎవరూ సకాలంలో కోయని అపెండిక్స్‌తో.
అమ్మమ్మ కైరోలో నిక్షేపంగా ఉంది.
వారం వారం ఫోన్లో అరుస్తుంది,
తిన్నావా లేదా అని.

ల్యాబులో ముసలి డాక్టర్ వియెచోరెక్.
మాట పొదుపు, దగ్గు ధారాళం.
నవంబరులో ఒకరోజు బకెట్ దించి నిలబడిపోయాను.
ఎందుకు నిలబడ్డావని అడగలేదు.
మైక్రోస్కోపు రెండో తల నా వైపు తిప్పాడు.

గులాబీ, ఊదా.
మేం కర్కదే కాచుకునే
ఎర్ర గోంగూర మొగ్గలు
వేడినీళ్ళలో ముందు వదిలే రంగు ఒకటి,
తర్వాత వదిలే రంగు ఒకటి.
గత మంగళవారం నేను మోసుకొచ్చిన కాలే ఇది,
గోరంత ముక్క.

"ఏం కనిపిస్తోంది?"

ఈ దేశంలో రెండేళ్ళుగా
నా పేరు ఎలా పలకాలని అడిగారు,
వీసా ఏదని అడిగారు.
ఇది అడిగినవాళ్ళు లేరు.
చెప్పాను. తప్పు.
"మళ్ళీ చూడు," అన్నాడు, దగ్గుతూ.
పైన ఆరో అంతస్తులో ఆ కాలు ఒకప్పటి మనిషి
ఒక్క మాట కోసం ఎదురుచూస్తున్నాడు.
ఆ మాట ఈ గదిలో పుట్టాలి.
ఆ రాత్రి నాలుగో ఉత్తరం రాశాను.
అందులో ఎవరూ చావలేదు.

ఇంటర్వ్యూలు నాలుగొచ్చాయి.
ఫ్యామిలీ మెడిసిన్ రెండు. డకోటాలో ఒకావిడ అడిగింది,
మంచులో, గోధుమ పొలాల మధ్య ఉండగలవా అని.
ఎండలో ఇసుక తుఫాన్లు చూశానండీ అన్నాను, నవ్వింది,
మంచి మనిషి.
సైకియాట్రీ ఒకటి. పాథాలజీ ఒకటి.
సర్జరీ సున్నా.

ఇవాళ వరస క్రమం పెట్టాలి, మళ్ళీ మార్చడం కుదరదు.
నర్గీజా పక్కకొచ్చి కూర్చుంది.
"డకోటా అయితే ఖాయంగా ఇస్తారు. తెలివి తక్కువ పని చెయ్యకు."
నిజమే చెప్పింది.
పాథాలజీని పైన పెట్టాను, డకోటాని దాని కింద.
తెలివిదో తక్కువదో మార్చిలో తెలుస్తుంది.

అమ్మమ్మకి ఫోన్లో చెప్పాను.
"అయితే రోగిని ముట్టుకోవా?"
"ముట్టుకోను. అది ఏ జబ్బో చెప్తాను."
"రోగికా?"
"రోగి డాక్టరుకి."
కాసేపు కైరో ట్రాఫిక్ వినిపించింది.
"నీ చేతులు మంచివే పిల్లా," అంది,
అదేదో పోయినవాళ్ళ గురించి అన్నట్టు.

సొరుగు పిడికి నల్లదారం కట్టే ఉంది,
ఒంటిచేత్తో వేసిన ముడులు, మూడువందలో ఎన్నో.
విప్పుదామని కూర్చున్నాను.
వేళ్ళు ఇంకో ముడి వేశాయి.